బందరు నుంచి అత్త మోసిన నీళ్ళు

మా మేనత్త పోయిందని గుడివాడ బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. బందరు మార్కెట్లో చేపలు అమ్ముడయ్యాక, అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. పక్కన నీళ్ళ క్యాను నిండుగా ఉందట. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది.

ఆ క్యాను సంగతి మీకు చెప్పాలి. మాది సముద్రం ఒడ్డు ఊరు. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక బోర్లలో ఉప్పునీళ్ళు పడ్డాయి. పప్పు కూడా ఉడకదు. ఆ చెరువుల్లో చాలావరకు ఒక్క ఆసామివే. అత్త రోజూ చేపలు అమ్మి, తెలిసిన ఇళ్ళలో కుళాయి నీళ్ళు పట్టుకుని ఆటోలో తెచ్చుకునేది. ఆటో అతను విసుక్కుంటే, "చేపలకి చోటిచ్చావు, నీళ్ళకియ్యలేవా నాయనా?" అని నవ్వేది.

పోయిన ఎన్నికలకి మా సర్పంచి పదవి రిజర్వేషన్లో ఆడవాళ్ళకి వచ్చింది. మా ఊళ్ళో ఓట్లదాకా వెళ్ళరు. పెద్దలు రామాలయం ముందు పదవిని వేలం వేస్తారు. పాడిన డబ్బు గుడికి, పదవి ఎక్కువ పాడినవాళ్ళకి. అత్తకి అందులో తప్పేమీ కనిపించలేదు. గిలకలదిండి హార్బరులో తెల్లారితే ఆమె చేసేదీ అదే. పెద్ద చేపల కుప్ప ఒక్కరి వల్ల కాకపోతే నలుగురు ఆడవాళ్ళు కలిసి పాడి, వాటాలు వేసుకుంటారు. పదవినీ అలాగే పాడి, మంచినీళ్ళ పైపు వేయించుకుందామంది. ఆడవాళ్ళు చెవిదుద్దులు తాకట్టు పెట్టారు.

ఆసామి తన భార్య తరఫున వచ్చాడు. రొయ్యల మేత గురించి ఫోన్లో మాట్లాడుతూనే వేలు పైకెత్తుతూ పోయాడు. వీళ్ళ డబ్బు ఏ మూలకీ చాలలేదు.

"అయితే ఓట్లకే ఎల్దామండీ. నామినేషన్ ఏత్తాం" అంది అత్త.

వేలం వేసిన పెద్దమనిషి మర్యాదగానే చెప్పాడు. "పాటలో కూచున్నావు కదమ్మా. ఓడిపోయాక మళ్ళీ పోటీ ఏంటి? హార్బరులో అట్టా చేత్తే నువ్వు ఊరుకుంటావా?"

అత్త నామినేషన్ వెయ్యలేదు. జన్మంతా పాటించిన కట్టుబాటే ఆమె నోరు మూసింది.

ఆసామి భార్య సర్పంచి అయ్యాక పైపు రాలేదు, ట్యాంకరు వచ్చింది, మొగుడూ పెళ్ళాల బొమ్మతో. అత్త ఆ నీళ్ళు ముట్టలేదు. "మోకాళ్ళు అరిగిపోయాయి, ఎందుకత్తా ఈ మోత?" అంటే, "ఆయన నీళ్ళు తాగి ఆయన్నెట్టా అడగమంటావురా?" అనేది. ఎప్పటికైనా అడిగే రోజు వస్తుందని ఆమె ఆశ. నాకు ఆ ఆశ లేదు. డబ్బున్నవాళ్ళు ఓట్లు కొంటారని పేపర్లో చదువుతుంటాం. మా ఊళ్ళో ఆ శ్రమ కూడా లేదు, ఎన్నికనే కొనేశారు. కోపం వస్తుంది, వచ్చి ఏం చేస్తుంది?

అత్తని ఇంటికి తెచ్చాక, క్యానులో నీళ్ళు ముందు ఆమె నోట్లో పోశారు. మిగిలినవి ఏడ్చి గొంతెండినవాళ్ళు తాగారు. స్నానానికి నీళ్ళు లేవు. ఉప్పునీళ్ళు పోయడానికి కూతురికి మనసొప్పలేదు. ఎవరో ఫోను చేశారు. పిలవగానే ట్యాంకరు వచ్చింది, కాదనను. ఆ నీళ్ళతోనే అత్తకి ఆఖరి స్నానం చేయించారు.

శ్మశానం నుంచి మేం తిరిగొచ్చేసరికి ట్యాంకరు ఇంకా వాకిట్లోనే ఉంది. ఆనాడు దుద్దులు తాకట్టు పెట్టిన ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టుకున్నారు. వరస చివర అత్త కూతురు నిలబడి ఉంది, చేతిలో వాళ్ళమ్మ ఖాళీ క్యానుతో.