పొగ రాని బండి వెనక

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాను. అన్నేళ్లలో నాకు నచ్చిన చోట ఒక్కసారి కూడా బస్సు ఆగలేదు. జనం దిగే చోట ఆపించడం, విజిల్ ఊదడం, తిట్లు తినడం, తిన్నదానికి రెండింతలు తిట్టడం. మడకశిర రూట్లో తిరిగినన్నాళ్లూ రోడ్డుకు ఎడమవైపు ఒక బోడిగుట్ట కనబడేది. దాని మీద నాలుగు రాతిస్తంభాల మంటపం. రోజుకు రెండుసార్లు దాని ముందునుంచే పోయేవాణ్ని. ఒక్కసారి ఎక్కి ఆ నీడలో కూర్చోవాలని ఉండేది. కూర్చోవాలంటే బస్సు దిగాలి, దిగితే ఉద్యోగం ఊడుతుంది.

రిటైరయ్యాక ఆ గుట్ట కోసమే బండి బాగు చేయించాను. మా మేనమామ కొట్టంలో కోళ్లు కాపురం పెట్టిన పాత బండి అది. చిన్నది, టూ-స్ట్రోకు, నా ఉద్యోగం కంటే వయసులో పెద్దది. ఆటోలో వేసుకుని అనంతపురంలో మెకానిక్కుల చుట్టూ తిరిగితే అందరిదీ ఒకటే మాట, పాతసామాన్ల వాడికి వెయ్యమని. ఒక్కడు మాత్రం కోడిపెంట చేత్తోనే దులిపి, కిక్కు రెండుసార్లు తొక్కి, దీనికి ఇంకా ఊపిరుంది అన్నాడు. అతన్ని నేను భాయ్ అనేవాణ్ని. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు.

భాయ్ చెయ్యి గురించి చెప్పాలి. కొత్త పిస్టన్‌ను సిలిండర్లోకి వదిలి, అది తన బరువుకు తానే ఎంత నిదానంగా దిగుతుందో బొటనవేలితో చూసేవాడు. కొలతలూ గేజీలూ పెట్టేవాడు కాదు. చుట్టుపక్కల ఎక్కడ పాత బండి ఇంజన్ బిగుసుకున్నా అతని అంగడికే వచ్చేది. అతనికీ నా బండిలాంటిదే ఒకటి ఉండేది, వాళ్ల నాయన నడిపినది. నా బండి మొదటిసారి స్టార్టయిన వారమే ఇద్దరం కలిసి ఆ గుట్టకు పోయాం. మంటపంలో మేక పెంటికలు తప్ప ఏమీ లేవు. అయినా గంటసేపు కూర్చున్నాం. నాకు పెళ్లి కాలేదు, నా నోటికి జడిసి ఎవరూ పిల్లనివ్వలేదని మా చెల్లెలు అంటుంది. అరవై ఏళ్ల వయసులో ఒక స్నేహితుడు దొరకడం ఎంత పెద్ద సంగతో అలాంటివాడికే తెలుస్తుంది.

తర్వాత ప్రతి ఆదివారం అదే పని. ఆ బండ్లు వేగం నలభై దాటితే ఒళ్లంతా వణుకుతాయి. నలభైలో పోతే మాత్రం ఏ లోటూ లేదు. బస్సులో ముప్పై ఏళ్లు చూసిన ఊళ్లే, కానీ ఎక్కడ వేరుశనక్కాయలు ఉడకబెడుతున్నారో, ఎక్కడ గొర్రెల మంద ఇప్పుడే రోడ్డు దాటిందో అప్పుడే ముక్కుకు తెలిసింది. ముప్పై కిలోమీటర్లకోసారి ఇంజన్ చల్లారడానికి ఆపాలి. చింతచెట్టు కనబడితే అదే మా స్టేజీ. టీ అంగడి ముందు ఆపితే చాలు, ఎవరో ఒక పెద్దాయన వచ్చి ట్యాంకు నిమిరేవాడు. మా నాయనకు ఉండె ఇట్లాంటిది అనేవాడు. చిలమత్తూరు దగ్గర ఒకాయన కన్నడం కలిపిన తెలుగులో తన పెళ్లి కథంతా చెప్పాడు, పెళ్లికూతురును ఇలాంటి బండి మీదే తెచ్చుకున్నాడట. బండి పేరుతో మనుషులు నాతో మంచిగా మాట్లాడటం నాకు కొత్త. కండక్టరుతో ఎవరు మాట్లాడతారు మంచిగా?

ఈ బండ్లకు పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాలి. ఆయిల్ లేకుండా నడిపితే పిస్టన్ కాలి పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. అందుకని భాయ్ ఒక కట్టుబాటు పెట్టాడు. ఎవరి ట్యాంకులో వాళ్లు పోసుకోకూడదు. అతని ట్యాంకులో నేను, నా ట్యాంకులో అతను. సొంత ట్యాంకయితే పోశావా అని అడిగితే మనసు అబద్ధం చెప్తుందట, ఎదుటివాడిదయితే చెప్పదట. పోశాక పైకి 'పోసినా' అనాలి. రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. తప్పించినవాణ్ని నేనే.

అది గుత్తికి పోయిన ఆదివారం. శ్రావణం వచ్చినా చినుకు రాలేదు, చేలల్లో వేరుశనగ మొలకెత్తినంత మేరా ఎండిపోయింది. అంతకుముందు నెలే భాయ్ తన బండికి కొత్త పిస్టన్ వేసుకున్నాడు, ఆ ఇంజన్ శబ్దం విని తనలో తానే నవ్వుకునేవాడు. పొద్దున్నే గుత్తిలో ఉగ్గాని బజ్జీ తిన్నాం. కోట ఎక్కుదామని వారం రోజులుగా అనుకుంటున్నాను. తీరా అక్కడికి పోయాక భాయ్, సాయంత్రం బంధువులు వస్తున్నారు, ఇంట్లో చూస్తుంటారు, తిరిగిపోదాం అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పెళ్లాం పిలిస్తే పరిగెత్తేవాడికి బండెందుకు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, నా నోరు ఒకసారి తెరిస్తే తొందరగా మూతపడదు. భాయ్ అంతా విని ఒకటే మాట అన్నాడు.

"నీకేమన్నా, ఇంట్లో నీకోసం చూసేటోళ్లు ఎవరుండారు."

తిట్టలేదు. ఉన్నమాటే అన్నాడు. అందుకే అంత మండింది.

ఊరి బయట పెట్రోలు బంకులో ఆగాం. అంత కోపంలోనూ అతను నా ట్యాంకు దగ్గరికి వచ్చి టానిక్కు సీసా మూతతో కొలిచి ఆయిల్ పోశాడు. నేను అతని ట్యాంకు దగ్గర ఆయిల్ సీసా పట్టుకుని నిలబడ్డాను. మరిచిపోయానని రాసుకుంటే ఎంత సుఖంగా ఉండేదో. మరిచిపోలేదు. ఇంట్లో అంతమంది ఉన్నారు కదా, వాళ్లే వచ్చి పోస్తారులే అనుకుని ఆయిల్ పొయ్యకుండానే ట్యాంకు మూత పెట్టి బిగించాను. నేను అక్కడ నిలబడ్డం అతను చూశాడు, పోశాననే అనుకున్నాడు. 'పోసినా' అనే మాట ఆ రోజు ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు.

అతను ముందు, నేను వెనక. ఒక చెరువు కట్ట దాటాక చూశాను, అతని సైలెన్సర్ నుంచి పొగ రావడం లేదు. టూ-స్ట్రోకు బండికి నీలం పొగ రాలేదంటే ఆయిల్ లేనట్టే. అడుగున మిగిలిన, ఆయిల్ కలిసిన పాత పెట్రోలు అయిపోయింది. కోపం అప్పటికే సగం దిగింది. హారన్ కొడితే చాలు, ఆగేవాడు. బండి కొంచెం దౌడు తీయించి పక్కకు పోయినా చాలు. కానీ ముందు నేనెందుకు పలకాలి అనుకున్నాను. తర్వాతి చింతచెట్టు దగ్గర ఎలాగూ ఆగుతాడు, అప్పుడు చెబుదామనుకున్నాను. పది నిమిషాలు, ఇంకా ఎక్కువేనేమో, పొగ రాని ఆ బండి వెనకే పోయాను.

దిగుడులో చక్రం పట్టేసింది. బండి అడ్డం తిరిగి అతన్ని రోడ్డు మీదికి విసిరింది. మోకాలిచిప్ప పగిలింది. నేను అరిచిన అరుపుకు చేలల్లోంచి మనుషులు వచ్చారు. భాయ్ ఆ నొప్పిలో కూడా బండి వైపే చూస్తూ, పిస్టన్‌కు బిగువు ఎక్కువ పెట్టినానేమో, నా చెయ్యే తప్పింది అన్నాడు. కాదు అనడానికి నాకు నోరు రాలేదు. ఎన్ని వేల మందిని తిట్టిన నోరు అది. అతన్ని ఆస్పత్రికి తీసుకుపోయాక బండిని ఆటోలో ఎక్కిస్తుంటే పెట్రోలు కారుతోందని, ట్యాంకు ఖాళీ చెయ్యమని డ్రైవర్ అన్నాడు. అంతా రోడ్డు పక్కన ఒంపేశాను. ఒంపుతుంటే మనసు కుదుటపడింది, ఇంక ఎవరికీ తెలియదని. ఆ కుదుటపడ్డం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మోకాలు ఆరు నెలల్లో కుదిరింది. చెయ్యి కుదరలేదు. ఇంజన్ విప్పి గీరుకుపోయిన పిస్టన్ చూసి, తన బొటనవేలి లెక్కే తప్పిందని తేల్చుకున్నాడు. అప్పటినుంచి పిస్టన్ పని ముట్టుకోలేదు. పంక్చర్లు వేసేవాడు, చైన్లు బిగించేవాడు. దూరాల నుంచి పాత బండ్లు తెచ్చినవాళ్లను తిప్పి పంపేవాడు. నన్ను చూస్తే మాత్రం ఎప్పటిలాగే టీ తెప్పించేవాడు, ఆదివారం యాడికి పోతాండావన్నా అని అడిగేవాడు. చెబుదామని పోయి, టీ తాగి వచ్చేవాణ్ని. ఎవరైనా ఆయిల్ మాట ఎత్తితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ని.

ఏడాదిన్నర ఒక్కణ్నే తిరిగాను. అవే రోడ్లు, అదే నలభై. మడకశిర వైపు గాలిమరల కింద బండి ఆపితే వాటి చప్పుడు ఒకటే వినబడేది. కుడివైపు దారా, ఎడమవైపు దారా అని పోట్లాడటానికి మనిషి లేడు. ఎవరూ అడ్డం చెప్పకపోతే ఏ దారిలో పోవాలో కూడా తోచదని అప్పుడే తెలిసింది. పెద్దాయనలు వచ్చి ట్యాంకు నిమిరితే విసుక్కునేవాణ్ని. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తుంటే అతనన్న మాట గుర్తొచ్చేది. నిజమే, ఎవరుండారు.

మొన్న చలికాలంలో నా బండి ఇంజన్ టకటక కొట్టుకోవడం మొదలైంది. సిలిండర్ లోపలి బోరు అరిగిపోయింది, కొత్త పిస్టన్ వెయ్యాలి. భాయ్ దగ్గరికే తీసుకుపోయాను. చెవి పెట్టి విన్నాడు. చెయ్యి ఇంజన్ దాకా పోయి ఆగిపోయింది.

"నా చెయ్యి పోయిందన్నా. హిందూపురంలో ఒకాయన ఉండాడు, ఆడికి తీస్కపో. నీ పానం మీదికి తేలేను."

ఇంక ఆగలేకపోయాను. అంగడి ముందు బెంచీ మీద కూర్చుని అంతా చెప్పేశాను. ఆయిల్ పొయ్యని సంగతి, మరిచిపోయి కాదని, పౌరుషానికని. ట్యాంకు ఒంపేసిన సంగతి. చెబుతుంటే ఏడుపొచ్చింది, అది చూసైనా జాలిపడతాడని లోపల ఒక ఆశ కూడా ఉంది. భాయ్ అడిగాడు.

"పొగ రాలేదని చూసినావా?"

"చూసినా. చెరువు కట్ట కాడి నుంచీ చూస్తానే వచ్చినా."

అతను లేచి లోపలికి పోయి, పాత పేపర్లో చుట్టిపెట్టిన ఆ కాలిన పిస్టన్ తెచ్చి వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఇంట్లో వాళ్లకు ఫోన్ చేశాడు. ఉర్దూలో మాట్లాడాడు, నాకు అర్థమైనంత వరకు తన చెయ్యి తప్పు కాదని, ముందునుంచీ సరిగ్గానే ఉందని చెప్పాడు. అదే మాట మూడుసార్లు చెప్పాడు. అతనంత సంతోషంగా ఉండటం ఏడాదిన్నరలో చూడలేదు. ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండానే నా బండి సిలిండర్ విప్పడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు రమ్మన్నాడు.

ఆ మూడు రోజులూ నా కాళ్లు నేల మీద నిలవలేదు. క్షమించేశాడనుకున్నాను. మళ్లీ ఆదివారాలు వస్తాయనుకున్నాను, ఈసారి గుత్తికి కాదు, అతను ఎటు పోదామంటే అటే పోవాలనుకున్నాను. ఒక కొత్త ఆయిల్ డబ్బా కూడా కొన్నాను.

నాలుగో రోజు బండి అంగడి ముందు తుడిచి పెట్టి ఉంది. మొదటి కిక్కుకే స్టార్టయింది. భాయ్ నీలం పొగ చూశాడు, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, ఆఫ్ చేశాడు. కొత్త పిస్టన్, మొదటి ఐదు వందల కిలోమీటర్లు నలభై దాటొద్దన్నాడు. అలాగే అన్నాను. అతను చేతులు తుడుచుకున్నాడు.

"నా చెయ్యి ఎట్లుండాదో చూసుకోవాలని చేసినా. నీకోసం కాదు. కాలు పోయినందుకు కాదన్నా, అది అతుక్కుంటాది. దినమూ వచ్చి నా టీ తాగి, నా చెయ్యి పోయిందని నేను ఏడుస్తాంటే చూసినావు. ఇంక ఈడికి రావద్దు."

అప్పుడు కూడా అన్నా అనే అన్నాడు. నేను బండెక్కి వచ్చేశాను.

ఇప్పుడు అతని అంగడి ముందు మళ్లీ పాత బండ్లు బారులు తీరుతున్నాయని విన్నాను. ఆ దారిన పోను, విన్నాను అంతే. వింటే ఒకవైపు కడుపు నిండుతుంది, ఇంకోవైపు ఇంత బాధ. నిన్న ఆదివారం చిలమత్తూరు దాకా పోయి వచ్చాను. ఐదు వందల కిలోమీటర్లు ఎప్పుడో అయిపోయినా నలభై దాటలేదు. ఎక్కడా ఒక్క టకటక లేదు, వణుకు లేదు, ఎక్కుళ్లలో కూడా మెత్తగా పోతోంది. నా చేతిలో ఈ బండి ఇంత బాగా ఎప్పుడూ నడవలేదు. ఆ సంగతి చెబితే అర్థమయ్యే మనిషి నాకు తెలిసి ఒక్కడే.