ముందు స్నానం, తర్వాత నామం

యతిరాజులు సారు తిరుపతిలో ఎమ్మెస్సీ పిల్లకాయలకు క్వాంటం మెకానిక్స్ చెప్తారు. చొక్కా మడతల్లో ఎప్పుడూ సుద్దపొడి, నుదుట సాయంత్రమైనా చెదరని నామం. ఏటా కమ్యుటేటర్ పాఠం నాడు ఆ నామాన్నే వేలితో చూపిస్తారు. “స్నానం చేసి నామం పెట్టుకుంటే ఇట్ల వచ్చినాను. నామం పెట్టుకొని స్నానం చేసింటే బోడినుదురే గదప్పా! వరస మారితే ఫలితం మారుతుంది.” పన్నెండేళ్లుగా రాసుకున్న ఆయన నోట్సును ఎనభై రెండు వేసవిలో రామచంద్ర అడిగి తీసుకుపోయాడు. పాత శిష్యుడు, చిత్తూరులో లెక్చరరు. వారానికే తిరిగిచ్చాడు, కొత్త అట్ట వేయించి మరీ. “గురుభక్తి అంటే వాడిది,” అని సారు ఆ అట్టను ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించారు.

మరుసటేడు పాఠంలో వేలు నామం మీదికి పోగానే క్లాసు నవ్వింది. ముందు బెంచీ జ్ఞానాంబ లేచి, “ఇది రామచంద్ర సారు గైడులో ఉండాది సార్. మీరూ చదివినారా?” అని పుస్తకం అందించింది. సారు నిలబడే తిరగేశారు. తన స్నానం, తన నామం. తన నోట్సులో ఒకచోట రాయడం మరిచిన ఊహాసంఖ్య గుర్తు ‘ఐ’ ఇందులోనూ లేదు. ముందుమాటలో నలుగురికి వందనాలు. తన పేరు లేదు. పుస్తకం తిరిగిచ్చేసి, రెండు హెర్మీషియన్ ఆపరేటర్ల కమ్యుటేటర్ సగటు విలువ ఊహాసంఖ్యే అవుతుందని బోర్డు మీద నిరూపించి, చివర ‘ఐ’ పెద్దగా వేశారు. జ్ఞానాంబ గైడులోకి చూసి, బోర్డుకేసి చూసింది. “ఈడ ‘ఐ’ లేదు సార్,” అంది మెల్లగా. “మీరే పొరపాటున వేసినట్టుండారు.” సారు జవాబు చెప్పకముందే క్లాసంతా నోట్సుల్లో ఆ ‘ఐ’ కొట్టేసింది.