రేడియో మూగబోయిన రోజులు

ఆ వీధిలో మంగలి కొట్టు నడిపే ఆయన్ని అందరూ రేడియో అనేవారు. కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ చుట్టి, గడ్డానికి కత్తి ఆనించాడంటే అవతలివాడు పెదవి కదపడానికి లేదు, ఈయన పెదవి ఆగడానికి లేదు. పన్నెండేళ్లుగా అక్కడే గడ్డం చేయించుకుంటున్న లెక్కల మాస్టారు ఆ కుర్చీలో ఒక్క వాక్యం పూర్తి చేసిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. తల గచ్చుకు కొట్టుకుంది. తర్వాత ఆసుపత్రి, గొట్టాలు, కోమా.

"ఆయనకేం తెలీదమ్మా," అని డాక్టరు మంచం పక్కనే నిలబడి భార్యతో అన్నాడు. "శుక్రవారం చివరిసారి పరీక్ష చేస్తాం. ఏ గుర్తూ కనబడకపోతే ఇక్కడ ఉంచి లాభం లేదు. ఇంటికి తీసుకెళ్లిపోండి."

రేడియోకి వినబడింది. అన్నీ వినబడేవి కావు. మాటలు నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు వచ్చి, మధ్యలో తెగిపోయేవి. ఒక్కోసారి కొట్లోనే ఉన్నట్టు, మీద కప్పింది దుప్పటి కాదు, మెడకు చుట్టే గుడ్డే అన్నట్టు తోచేది. కుర్చీలో ఉన్నది తనైతే మరి కత్తి పట్టుకున్నది ఎవడు? అదొక భయం. "ఉన్నానయ్యా!" అని అరిచేవాడు. అరుపు గొంతు దాకా కూడా వచ్చేది కాదు.

చూడవచ్చిన బంధువులు ఆయన కాళ్ల మీదే సంచులు పెట్టి, "పాపం, భలే వాగేవాడు," అని ఆయన ముందే ఆయన్ని గతంలోకి నెట్టేసి పోయారు.

మాస్టారు మాత్రం రోజూ సాయంత్రం వచ్చేవాడు. "ఏమయ్యా, ఇప్పుడు నా వంతు. కదిలావంటే తెగుద్ది!" అని మొదలుపెట్టి, పన్నెండేళ్ల బాకీ వాక్యాలన్నీ పూర్తి చేశాడు. బుధవారానికి సరుకు అయిపోయి, రేడియో రోజూ చెప్పే కథే ఎత్తుకున్నాడు.

"ఆ పెళ్లికొడుకు తుమ్మాడు, నీ కత్తి జారి సగం మీసం పోయింది. ఎదుటి కొట్టువాడు పరిగెత్తుకొచ్చి, రాలిన జుట్టు జిగురుతో అతికించాడు కాబట్టి పెళ్లి నిలబడింది."

ఎదుటి కొట్టువాడా! అతికించింది తనైతే! రేడియోకి ఒళ్లంతా మండిపోయింది.

పండు కోస్తున్న భార్య చెయ్యి ఆగింది. మొగుడి కుడిచేతి రెండు వేళ్లు దగ్గరై, విడిపోయాయి. జుట్టు కత్తిరించే ముందు గాలిలో కత్తెర ఆడించడం ఆయన అలవాటు.

"మాస్టారూ, మళ్లీ చెప్పండి."

"ఏదమ్మా?"

"ఆ అబద్ధమే."

"అబద్ధమా? ఆయన చెప్పింది అదేగా!"

"పన్నెండేళ్లు ఏం విన్నారండీ మీరు! చెప్పండి, అలాగే చెప్పండి."

శుక్రవారం డాక్టరు కళ్లలో లైటు వేశాడు, గిల్లాడు, పిలిచాడు. రేడియో కొండను తోసినట్టు తోశాడు. ఏదీ కదల్లేదు.

"మొన్న మీరు చూసింది ఊరికే నరాల అదురు అయ్యుంటుందమ్మా."

"ఊరికే కాదు బాబూ. నిజం చెబితే ఈయన పడుకుంటారు. అబద్ధం చెబితేనే లేస్తారు. మాస్టారూ, కానివ్వండి."

మాస్టారు కథను సరిగ్గా చెప్పాడు. వేళ్లు కదల్లేదు. తప్పుగా చెప్పాడు. కత్తెర ఆడింది. మళ్లీ సరిగ్గా, మళ్లీ తప్పుగా. మూడుసార్లూ అంతే. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు ఇంటికి పంపే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎనిమిది నెలలకు కొట్టు తెరిచారు. మొదటి గిరాకీ మాస్టారే. రేడియో మాట కాస్త ముద్దగా, చెయ్యి కాస్త వణుకుగా ఉంది. గుడ్డ చుట్టి, నురగ పూసి, కత్తిని తిన్నగా మాస్టారి మీసం కింద ఆనించాడు.

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. ఆ మీసం అతికించింది ఎవరు?"

మాస్టారు ఊపిరి బిగబట్టి, కుడిచేతి రెండు వేళ్లతో గాలిలో కత్తెర ఆడించి, వాటిని రేడియో వైపు చూపించాడు.