నూట ఇరవై ఏడు తర్వాత

నగర చరిత్రకారులు నవాబుల నగలను రవ్వలతో సహా లెక్కగట్టారు గానీ, ఫలక్‌నుమా గేర్ల మేస్త్రి అబ్దుల్ వాహెద్ సోడా మూతల పళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టిన శుభదినాన్ని ఎక్కడా నమోదు చేయలేదు. మూతకు ఇరవై ఒకటి. "మూడేడులు" అని అవతల పారేసేవాడు. భాగాలయ్యే అంకెలంటే ఆయనకు గౌరవం లేదు.

ముప్పై ఏళ్లుగా ఇనుప బిళ్లల అంచున పళ్లు కోస్తున్న మనిషి. నూట ఇరవై పళ్లంటే చక్రాన్ని సగం, సగంలో సగం, మూడో వంతు చేసుకుంటూ పోవచ్చు. నూట ఇరవై ఏడు అలా లొంగదు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోదు. ప్రధాన సంఖ్య. ఆ గల్లీలో అప్పటిదాకా అంత పెద్ద ప్రధాన సంఖ్య గేరును ఎవరూ కోయలేదు. గేర్లంటే వాహెదే అన్న పేరు మాత్రం ఉంది.

ఎదురు షెడ్డు వైకుంఠం కోశాడు. కోసి గోడకు వేలాడదీశాడు.

ఆ వారం వాహెద్‌కు అన్నం సహించలేదు. ఒక మధ్యాహ్నం చాయ్ నెపంతో వెళ్లి, ఒక పంటికి సుద్దగీత పెట్టి లెక్కించాడు. నూట ఇరవై ఏడు. ఎదురు దిశలో మళ్లీ లెక్కించాడు. అంకగణితం వైకుంఠం పక్షమే వహించింది.

"ఏంది వాహెద్ భాయ్, పళ్ల డాక్టర్‌వైనవా?"

"పుప్పి పళ్లు గిట్ల ఉన్నయేమోనని చూసిన."

"మస్తు గట్టిగున్నయ్. చాయ్ తాగు."

చాయ్ కూడా బాగుంది. అది మరీ అన్యాయం.

"గట్ల చూడకుండ్రి, గేరుకు నజర్ తగుల్తది," అంది ఇంట్లో సంగతంతా విన్న భార్య ఖైసర్ బేగం. "మీరూ ఒకటి కోయుండ్రి."

"అదే కోస్తే నకల్ అంటరు. దానికంటె పెద్దది కోస్త."

ప్రధాన సంఖ్యల్లో ఒక ఓదార్పుంది: ఎంత పెద్దదాని తర్వాతైనా ఇంకా పెద్దది ఉండి తీరుతుంది. అసూయకూ అదే సిద్ధాంతం. నూట ఇరవై ఎనిమిది సగమైపోతుంది, నూట ఇరవై తొమ్మిది మూడుతో పోతుంది, నూట ముప్పై సంగతి చెప్పనక్కరలేదు. నూట ముప్పై ఒకటి నిలబడింది. వాహెద్ ఒక పెద్ద చక్రం చుట్టూ కాగితం పట్టీ అంటించి, దానిమీద నూట ముప్పై ఒక్క గీతలు గీసి, గీతకో పన్ను చొప్పున కోశాడు. రెండుసార్లు చివరి పన్ను బక్కచిక్కింది. వచ్చిన గిరాకీని వాపసు పంపాడు. మూడోది కుదిరింది.

వైకుంఠాన్ని పిలిపించాడు. ఆయన ఒక్కో పంటినీ గోటితో తడుముతూ లెక్కపెట్టాడు.

"కమాల్ చేసినవ్ భాయ్. నాతోని కాకపోవు."

"గట్లనకు. నువ్వు గూడ మంచిగనే కోస్తవ్," అన్నాడు వాహెద్, విజేతకు తగిన దయతో.

"నాదేముంది, లేత్ మిషిన్ కోసం చేసిన. ఇంచుల లేత్ మీద మిల్లీమీటర్ల మరలు కోయాలంటే నూట ఇరవై ఏడే గావాలె. నాలుగు షెడ్లోళ్లు అడుగుతున్నరు. ఇది దేనికి భాయ్?"

నూట ముప్పై ఒక్క పళ్ల గేరు కావలసిన యంత్రం ఫలక్‌నుమాలో ఒక్కటీ లేదు.