ఎరుపు మొదలయ్యే చోట

ఎండాకాలంలో పలాస నుంచి అక్కుపల్లి వైపు బండి మీద వెళ్తుంటే జీడిపండ్ల వాసన ముక్కుకు తగులుతుంది. తీపి, పులుపు, వెనకనే కాస్త వగరు. వెనక కూర్చున్న నా భార్య, "అదిగో, ఎర్రగా ఎలా కాసాయో సూడు," అంటుంది. నాకు తోటంతా ఆకులే. వాసనను నమ్మి, పండ్లున్నాయని ఒప్పుకుంటాను. అప్పుడల్లా మార్తమ్మ టీచరు గుర్తొస్తారు.

ఆవిడ మా హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేవారు. సోంపేట మనిషి. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం సూత్రాలు చెప్పేవారు కాబట్టి ఆ క్లాసులో కునుకు తీసే వీలుండేది కాదు. ఆవిడ మీద మాకున్న ఫిర్యాదు అదొక్కటే. ఒకరోజు కిటికీలన్నీ గోనెసంచులతో మూయించి, ఒక్క చిల్లులోంచి వచ్చే ఎండకు పట్టకం అడ్డుపెట్టారు. గోడ మీద రంగుల పట్టీ పరుచుకుంది. "వెలుగంటే అలలురా. ఊదాది పొట్టి అల, ఎరుపుది పొడుగు అల. అవతలి చీకట్లోంచి ఇటు వస్తే మీ కంటికి ఎరుపు ఎక్కడ మొదలవుతందో అక్కడ సుద్దతో గీత పెట్టండి. ఎండ జరిగిపోద్ది, వేగిరం," అన్నారు. అందరి గీతలూ ఇంచుమించు ఒకచోటే పడ్డాయి. నాది వేలెడు లోపలికి పడింది. క్లాసంతా గొల్లుమంది.

టీచరు నవ్వలేదు. ఆ గీతలన్నిటికీ అవతల, ఏ రంగూ లేని చోట, ఒక థర్మామీటరు ఆనించి పట్టుకోమన్నారు. కాసేపటికి పాదరసం పైకి పాకింది. "ఇక్కడ కూడా వెలుగుంది. మీలో ఎవరికైనా కనబడతందా? మరి ఆడిని సూసి నవ్వుతారేటి? ఆడి గీత కాస్త ఇవతల, మీ గీత కాస్త అవతల, అంతే," అన్నారు.

సాయంత్రం నన్ను ఆపి, "ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావురా?" అని అడిగారు. నాకే తెలియనిది ఏం చెప్పను? ఆవిడే ఒక్కొక్కటీ రాబట్టారు. ఇంట్లో ఎవరు ఏ రంగు అడిగినా నేను "పచ్చ" అనేవాడిని. మనకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే కాబట్టి చాలాసార్లు గట్టెక్కిపోయేవాడిని. ఎర్ర పండ్లు చెట్టు మీదే వదిలేసి వస్తే అమ్మ బద్ధకం అనుకునేది. "మన తెలుగే నిన్ను దాసేసిందిరా," అని టీచరు పడీపడీ నవ్వారు. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది. "పెద్దయ్యాక ఏటవుతానన్నావు నువ్వు?"

"రైలు నడుపుతాను టీచర్."

కూత విని ఏ ఇంజనో చెప్పేవాడిని. ఆ మాట పలాసలో మా వీధి వీధంతా ఎరుగుదురు.

నాన్నతో పాటు ఆవిడ కూడా టెక్కలిలో కంటి డాక్టరు దగ్గరికి వచ్చారు. చుక్కల బొమ్మల్లో దాగిన అంకెలు నాకు దొరకలేదు. బయటికి వచ్చాక బస్టాండు బల్ల మీద నా పక్కన కూర్చుని టీచరే చెప్పారు. "రైలు నడపనివ్వరు నాన్నా నిన్ను. ఎర్ర దీపం నీ కంటికి మసకగా ఆనతాది. దీనికి మందు లేదు."

నాన్నకు కోపం వచ్చింది. "పిల్లోడికి ఇప్పుడే సెప్పాలా టీచరమ్మా?"

"అన్నీ పాసయ్యాక ఆఖర్న ఎవరో సెప్తే మరీ దెబ్బ కదా అన్నయ్యా."

నేను వెక్కివెక్కి ఏడ్చాను. వేరే ఉద్యోగాలు లేవా అని ఆవిడ అనలేదు. ఊరుకో అని కూడా అనలేదు. నా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. పలాస బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. నాన్న రెండుసార్లు లేచి నిలబడ్డాడు. ఆవిడ కదల్లేదు.

ఇప్పుడు నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఆ కిరణాలు ఏ కంటికీ కనబడవు కాబట్టి, ఆనాడు నవ్విన వాళ్ళూ నేనూ అక్కడ సమానమే. టీచరు పోయి కొన్నేళ్ళయింది. ఆవిడంటే నాకున్న ప్రేమ మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. ఉద్దానం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఒక్కోసారి డాక్టరు గదిలో కిడ్నీల గురించి వినకూడని మాట విని, ఎటు పోవాలో తోచక నా గది ముందున్న బల్ల మీద కూలబడతారు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటాను. లోపలి నుంచి నన్ను పిలుస్తూనే ఉంటారు. వాళ్ళు లేచేదాకా నేను లేవను.