‘పోయిండు’ అన్న మాట కోసం షమాల్ దాకా

నేను పాడిన పాట ఒకటి ఇక్కడి గల్ఫ్ తెలుగువాళ్ళ ఫోన్లలో తిరుగుతోంది. సముద్రపొడ్డున పాడుబడ్డ ఊరి మీద దిగులు పాట. కట్టింది మా కంపెనీ మేస్త్రీ రాజేశం, జగిత్యాల వైపు మనిషి. ఉత్తరాన సైట్లో పనిచేస్తూ ఆ ఊరిని చూసి కట్టాడు. నేను వరస దిద్ది, కీబోర్డు చేర్చి, తెలుగువాళ్ళ వేడుకలో పాడాను. ఆ తర్వాత అతను నా ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎందుకో అడుగుదామని మొన్న శుక్రవారం బయల్దేరాను.

నేనుండే నజ్మాలో ఇడ్లీ తిని ఆరింటికి కారు తీస్తే గంటంబావు ప్రయాణం. పెట్రోలుకి రానూపోనూ ముప్ఫై రియాళ్ళు వేసుకోండి. ఉత్తరాన ఉన్న మదీనత్ అల్ షమాల్‌లో యాలకుల కరక్ చాయ్ తాగి, పనివాళ్ళుండే క్యాంపుకే వెళ్ళి రాజేశాన్ని పట్టుకున్నాను. నా ముఖం చూడకుండానే కారెక్కాడు.

పాటలోని ఊరు అక్కడికి పది నిమిషాలు. పైకప్పుల్లేని రాతి గోడలు, ఒక మినార్, ఆటుకి దూరం జరిగిన సముద్రం. చేపలు పట్టి బతికినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారట.

"పాటలో తప్పేమైనా చేశానా రాజేశం?"

"ఊరి సంగతి మంచిగనే పాడిన్రు సార్. ఆఖర్ల నేను ‘మా పోశన్న పోయిండు’ అని కట్టిన. మీరేం పాడిన్రు?"

‘మా నేస్తం వెళ్ళాడు’ అని పాడాను. మాది కాకినాడ. మా వైపు పోయాడంటే చనిపోయాడనే. వేడుకలో ఆ మాటెందుకని మార్చాను. మీ వైపు ఊరికి వెళ్ళినా పోయిండే అంటారు కదా, అదే అనుకున్నానని చెప్పాను. పేరు వరసలో ఇమడక తీసేశానని కూడా ఒప్పుకున్నాను.

"పోశన్న నా రూమోడు సార్. గీ మినార్ ఎదురుంగున్న గోడకే ఒరిగి ఇద్దరం చాయ్ తాగెటోళ్ళం. ఒకనాడు పొద్దుగాల లేపితే లేవలే. పెట్టెల వెట్టి ఇంటికి పంపినం. నీ మొగని మీద పాట కట్టిన, పేరుంటది ఇను అని ఆయన పెండ్లాంకు నేనే చెప్పిన. మొత్తం ఇన్నదట. పేరు యాడ రాలేదేందన్నా అనడిగింది."

సొమ్మొకడిది, సోకొకడిది. చప్పట్లు నాకు, ఆ ప్రశ్న అతనికి.

"నీ మాటలతోనే మళ్ళీ రికార్డు చేద్దాం, నువ్వే పాడు" అన్నాను.

"ఇగ నాకు పాడబుద్ధి అయితలేదు సార్. పోదాం పాండ్రి, రూముల నాది వంట డ్యూటీ ఉన్నది."

పాత పాట ఇంకా తిరుగుతోంది, ఆపడం నా చేతుల్లో లేదు. ఒక్క మాట మార్చే ముందు ఒక్క ఫోన్ చేసి అడిగుంటే సరిపోయేది. ఆ అడగకపోవడమే నన్ను తినేస్తోంది.

వెళ్ళేవాళ్ళకు ఒక సలహా: అక్కడ కొట్టు లేదు, నీడ తక్కువ, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళి పదిలోపు వచ్చేయండి. కాసేపు కూర్చోవాలంటే మినార్ ఎదురుగా ఉన్న గోడ బాగుంటుంది. ఒకప్పుడు అక్కడ కూర్చున్నవాడి పేరు పోశన్న.