పన్నెండు సంస్థలకు నేను వెన్నెముక నిలబెట్టిన వైనం

నేను పడుచువాడిగా ఉన్న కాలంలో, అంటే నాకు యాభై తొమ్మిదేళ్ళప్పుడు, శంషాబాద్ చుట్టుపక్కల ఏ స్వచ్ఛంద సంస్థ తలెత్తుకు నిలబడినా దాని వెనక నా చెయ్యి ఉండేది. (నలభై సంస్థలని రాద్దామనుకున్నాను. కలం ఒప్పుకోలేదు. పన్నెండు. ఆ పన్నెండూ ఒకే హాల్లో, ఒకేసారి కూర్చున్నవే.) అంతకుముందు ముప్పై ఏళ్ళు కాటేదాన్‌లో ప్లాస్టిక్ బకెట్ల కార్ఖానాలో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు పోయారో రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చున్న నాలుగో నెలలో మా ఆవిడ తన తమ్ముడికి ఫోన్ చేసి, "ఈయనను ఏదన్న పనిల వెట్టురా, దినమంత ఫ్రిజ్ తలుపు తీసుడు, మూసుడు. నా పాణం దీస్తున్నడు" అని మొరపెట్టుకుంది. ఆ బామ్మర్ది అప్పటికే 'సంస్థల బలోపేతం' అనే వ్యాపారంలో ఉన్నాడు. అదేమిటో తెలియనివారికి చెబుతాను. రోజూ నలుగురికి సాయం చేసేవాళ్ళచేత ఆ పని మాన్పించి, హోటల్‌కు తీసుకొచ్చి, సాయం ఎలా చేయాలో, పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ సాయం చేయని మాబోటివాళ్ళం చెప్పడం.

శిక్షణ మూడు రోజులు. విమానాశ్రయం పక్కన పెద్ద హోటల్, అద్దాల గోడలు, విమానం లేచినప్పుడల్లా సాసర్లో కప్పు వణకడం. ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే, పేదల బాగు కోరి వచ్చిన పన్నెండుమంది నాయకులూ చెవులకు కొంగులూ తువ్వాళ్ళూ చుట్టుకుని, సంతాప సభకు వచ్చినట్టు కూర్చున్నారు. ప్రధాన శిక్షకుణ్ని నేనే. (కాదు. ప్రధాన శిక్షకుడు బామ్మర్ది. నేను టై కట్టుకుని గోడ పక్కన నిలబడి, అతను 'సస్టైనబిలిటీ' అన్నప్పుడల్లా 'సుస్థిరత' అనేవాణ్ని. 'సుస్థిరత' అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే నేను మళ్ళీ 'సస్టైనబిలిటీ' అందామనుకున్నాను.) ఖర్చంతా ఒక కంపెనీది. మూడు రోజులూ కదలకుండా కూర్చున్న సంస్థలకే సర్టిఫికెట్, వాటిలో ఒకదానికి మాత్రం ఒక ఆటో బహుమతి అని ఆ కంపెనీవాళ్ళు చెప్పారు. ఆ ఆటో కోసమే వాళ్ళు అంత చలికీ, మా మాటలకూ ఓర్చుకున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ పన్నెండుమందిలో పాల్మాకుల నుంచి వచ్చిన ఒకామె ఉంది. అందరూ దవాఖాన అక్క అనేవారు. సంస్థ అంటే ఆమె, ఇంకో పదిమంది ఆడవాళ్ళు. చర్చిలో చాపల మీద కూర్చుని మొదలుపెట్టారట. ఎవరూ లేని ముసలివాళ్ళను సర్కారు దవాఖానకు తీసుకెళ్ళి, తోడు మనిషిగా ఉండి, మళ్ళీ ఇంట్లో దింపడం వాళ్ళ పని. అంతే. బామ్మర్ది మొదటి రోజే ఆమె సంస్థను చూసి పెదవి విరిచాడు. "మేడమ్, మీకొక దార్శనికత లేదు." అక్క భయపడి, "లేకుంటే ఏమైతది సార్? మందులేమన్న ఉన్నయా?" అంది. హాలు నవ్వింది. బామ్మర్ది నవ్వలేదు.

రెండో రోజు పొద్దున ఒక గొప్ప ఆలోచన వచ్చింది. (ఇది మాత్రం నాదే, ఒట్టు.) నాయకుడి ఫోను లేకపోయినా నడిచేదే బలమైన సంస్థ అని, అందరి ఫోన్లూ హోటల్ వాళ్ళ పండ్ల బుట్టలో వేయించాను. ఆ బుట్ట ఒళ్ళో పెట్టుకుని బయట సోఫాలో కూర్చున్నాను. ఇక చూడండి, బుట్ట మోగడం మొదలుపెట్టింది. ఒకటి ఆగితే ఇంకొకటి. ఆ గంటసేపు పన్నెండు సంస్థలను నేనొక్కణ్నే నడిపాను. (రెండు కాల్స్ ఎత్తాను. మొదటిది రాంగ్ నంబర్.) రెండోది అక్క ఫోను. అవతల ఆటో నడిపే మనిషి.

"అక్కా, గింత సేపాయె, ఎత్తవేంది! నశ్యం అవ్వను బస్టాండ్ల దింపిన. తోడు పోవల్సిన ఆమె బిడ్డకు జరమంట, రానన్నది. పన్నెండింటి లోపల పేరు రాయియ్యకుంటే ఇయ్యాల ఆపరేషన్ లేనట్టే. ఏం జేద్దాం?"

"మేడమ్ సెషన్లో ఉన్నారు" అన్నాను.

"గదెక్కడి దవాఖాన? ఆడికే తీసుకరావాల్నా?"

లోపలికి వెళ్ళి అక్క చెవిలో చెప్పాను. ఆమె లేచి నిలబడింది. నశ్యం అవ్వకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో దానికి ఈ రోజు తేదీ ఇచ్చారు, తప్పితే మళ్ళీ ఎప్పుడో. తోడు మనిషి సంతకం లేకుండా లోపలికి తీసుకోరు. అప్పుడే బామ్మర్ది తెర మీద బాణం గుర్తులు చూపిస్తూ, నాయకులు పని తామే చేయకూడదని, సమర్థుణ్ని చూసి అప్పగించాలని చెబుతున్నాడు.

"సార్, నేను పోయొస్త" అంది అక్క.

"వెళ్తే సర్టిఫికెట్ లేదు మేడమ్. ఇప్పుడే కదా నేర్చుకున్నాం? అప్పగించండి."

"ఎవలకు సార్? ఉన్నదే పదిమంది. తొమ్మిదిమంది దవాఖానలల్లనే ఉన్నరు. పదో ఆమె బిడ్డకు జరం."

"చుట్టూ చూడండి. మనుషులు దొరుకుతారు."

అక్క బుద్ధిగా చుట్టూ చూసింది. ఆమె చూపు నా దగ్గర ఆగింది. "అయితే గీ సారుకు అప్పజెప్తున్న. నిన్నటి సంది చూస్తున్న, ఈ హాల్ల ఏ పనీ లేనోడు గీయిన ఒక్కడే."

చప్పట్లు. బామ్మర్ది ముఖం చూడాలి. "వెళ్ళు బావా" అన్నాడు, పళ్ళు బిగించి. అక్క గుమ్మం దాకా వచ్చి చెప్పింది. "ఫైలు ఇడువొద్దు సారూ. అవ్వను ఇడువొద్దు. 'తోడెవరు' అని అడిగితే 'నేను' అనాలె. గంతే." ఇంత చిన్న పనికి ఒక సంస్థ, దానికొక అక్క ఎందుకా అని మనసులో నవ్వుకున్నాను.

అవ్వ బస్టాండులో మూట మీద కూర్చుని ఉంది. చేతివేళ్ళ చివర్లు కాలి నల్లబడ్డాయి. అన్నం ఉడికిందో లేదో కనబడక గిన్నెలో వేలు పెట్టి చూస్తుందట. బస్సులో నా టై తడిమి, "నువ్వేం పని జేస్తవు కొడుకా?" అని అడిగింది.

"సంస్థలకు బలం వచ్చేట్టు చేస్తానవ్వా."

"ఏం పెడ్తరు?"

"పెట్టేదేమీ ఉండదు. చెప్తాం."

"చెప్తే బలమొస్తదా?" అవ్వ ఆశ్చర్యపోయింది. "మా బర్రెకు ఇన్నేండ్లు ఊకెనే దాణా వెట్టిన."

బస్సులో నలుగురు నవ్వారు. పరువు దక్కించుకోవడానికి ఆరాంఘర్ దాకా ఆమెకు నాయకత్వం బోధించాను. సమర్థుణ్ని గుర్తించి పని చేతిలో పెట్టడమే అసలు విద్య అని. అవ్వ ముక్కుపొడి పీలుస్తూ బుద్ధిగా విన్నది.

దవాఖానలో ఆ పెద్ద వరుసను చూసి నేను క్షణంలో ఒక పద్ధతిలో పెట్టాను. (ప్రయత్నించాను. "ఓ పెద్దమనిషీ, లైన్ల నిలవడు" అని ఒకామె కసిరింది.) గంట గడిచింది. అవ్వను బెంచీ మీద కూర్చోబెట్టి, ఫైలు ఆమె ఒళ్ళో పెట్టి, రెండు నిమిషాల్లో వస్తానని చాయ్‌కి వెళ్ళాను. నా టై చూసి డాక్టరనుకుని ఒకాయన తన తల్లి కాగితాలు చూపించాడు. (చూశాను. "పర్వాలేదు" అన్నాను కూడా. ఆ తల్లి ఎక్కడున్నా నన్ను క్షమించుగాక.) ఆ గౌరవం రుచి మరిగి ఇంకో చాయ్ తాగాను. తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. బెంచీ ఖాళీ.

నర్సు దగ్గరికి పరిగెత్తి, "అవ్వకు తోడు నేనే" అన్నాను.

"తోడు సంతకం వెట్టి అద్దగంటాయె. లోపలికి తీసుకపోయిన్రు. ఆమె మనుమడు గాడున్నడు చూడు."

అవ్వకు మనుమడు లేడు. నర్సు చూపించినచోట ఖాకీ బట్టల్లో ఒక బస్సు కండక్టరు అయోమయంగా నిలబడి ఉన్నాడు. "నేను మా అమ్మకు కంట్ల చుక్కల మందు తీసుకపోనీకి వచ్చిన అన్నా. 'తోడెవరు' అని వీళ్ళు పిలిచిన్రు. ఆ ముసలామె నా అంగి వట్టుకొని 'గీడే నా మనుమడు' అన్నది. కాదనేలోపే ఫైలు నా చేతిలున్నది."

"ఇక నేనున్నాను, మీరు వెళ్ళండి" అన్నాను హుందాగా.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "సంతకం వెట్టిన గదా అన్నా. ఆమె బైటికి రాకముందే ఎట్ల పోతా? నువ్వేడికి వోయినవ్ ఇంతసేపు?"

"చాయ్‌కి" అన్నాను. అంతకన్నా చిన్న మాట నా జీవితంలో పలకలేదు.

కంటికి కట్టుతో అవ్వ బయటికొచ్చినప్పుడు కండక్టరు ఒక రెక్క పట్టుకున్నాడు. రెండో రెక్క నేను పట్టుకోబోతే, "నువ్వే జెప్తివి గద కొడుకా, మంచిగ జేసెటోన్ని చూసి పని చేతిల వెట్టాలని" అంది. "ఖాకీ బట్టలైతే మసకల గూడ కానొస్తయి. నువ్వైతే గప్పుడు యాడ కానరాకపోతివి." సాయంత్రం అక్క పంపిన మనిషి వచ్చేదాకా ఆ కండక్టరు కదల్లేదు. నేనూ కదల్లేదు, సిగ్గు వల్ల.

మూడో రోజు హాల్లో నన్ను అనుభవం చెప్పమన్నారు. చెప్పాను. వరుసను సరిచేసిన తీరు, డాక్టరును ఒప్పించిన తీరు, చివరి నిమిషంలో సంతకం పెట్టిన తీరు. బామ్మర్ది కళ్ళు చెమర్చాయి. "ఇదీ బలోపేతం!" అన్నాడు. అక్క ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. టీ దగ్గర మెల్లగా, "మంచిగ చెప్పిన్రు సారూ. పొద్దుగాల కండక్టరు ఫోన్ జేసిండు, అవ్వ ఎట్లున్నదని" అంది.

ఆ తరవాత కంపెనీ పెద్దమనిషి ఒక్కొక్కరినీ అడిగాడు, మీ సంస్థ అయిదేళ్ళకు ఎక్కడుంటుందని. నాలుగు రంగుల్లో చార్టు గీసినాయన జిల్లాలు దాటి రాష్ట్రాలు చెప్పాడు. అక్క వంతు వచ్చింది. "అయిదేండ్లా సార్? రేపే ముగ్గురున్నరు" అంది. ఆటో చార్టుకు పోయింది. నాకు రక్తం ఉడికిపోయింది. లేచి నిలబడి, ఈ హాల్లో నిజంగా నడిచే సంస్థ ఒక్కటే ఉందని, దాన్ని పాడుచేయబోయింది నేనేనని అందరి ముందూ గట్టిగా చెప్పేశాను.

(చెప్పలేదు. సాసర్లో కప్పు సర్దుకున్నాను.)

వారం రోజులు అన్నం సహించలేదు. పాల్మాకుల వెళ్ళి అక్కకు అంతా ఒప్పుకున్నాను. ఆమె బియ్యం ఏరుతూ విని, "తెల్సు సారూ. మంగళారం ఖాళీనా?" అంది. ఆ చార్టు సంస్థ ఇప్పుడు లేదు. చార్టు ఎవరింట్లోనో ఉందని విన్నాను. బామ్మర్ది ఇప్పుడు బలోపేతం చేసేవాళ్ళను బలోపేతం చేస్తున్నాడట, ఇంకా పెద్ద హోటల్లో. నేను మంగళవారాలు పొద్దున్నే దవాఖానకు వెళ్ళి, ముసలివాళ్ళు వచ్చేదాకా బెంచీ మీద తువ్వాలు పరిచి చోటు పట్టి ఉంచుతాను. ఈ రెండు జిల్లాల్లో బెంచీ పట్టడంలో నన్ను మించినవాడు లేడు. (పోయిన వారం ఒక గర్భిణి నన్ను లేపింది. లేచాను.)

మొన్న అక్క ఒక కొత్తామెను వెంటబెట్టుకొచ్చి నన్ను చూపించింది. "గీ సారు పెద్ద పెద్ద హోటళ్ళల్ల ట్రైనింగులిచ్చెటోడు. ఫైలు మాత్రం ఈయిన చేతికియ్యకు." కొత్తామె నా వైపు జాలిగా చూసింది. ఒళ్ళో బుట్ట పెట్టుకుని సోఫాలో నిటారుగా కూర్చున్న ఆ యాభై తొమ్మిదేళ్ళ కుర్రవాడు గుర్తొచ్చాడు. పాపం, ఎంత నమ్మకం వాడికి వాడి మీద! నవ్వొచ్చింది. తువ్వాలు తీసి, కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చాను.